నాలుగో బావి

పద్నాలుగేళ్ళపాటు ఆవిడ నీళ్ళని సీసాల్లో తప్ప చూడలేదు. ఎక్కడెక్కడి బావుల నీళ్ళో, కాలవల నీళ్ళో, ఫ్యాక్టరీల వెనక గుంటల నీళ్ళో, సీలు వేసిన సీసాల్లో ఆవిడ బల్ల మీదికొచ్చేవి. వాటిలో ఏముందో, ఎంతుందో తేల్చి కాయితం మీద అంకె వేసి పంపేది. ల్యాబులో వాళ్ళు ముద్దుగా ‘సీసాలమ్మ’ అనేవాళ్ళు. ఆ పేరు విని అత్తగారు మాత్రం నెత్తి కొట్టుకునేది. “ఆ పేరు మన వీధిలో అనొద్దని చెప్పు. వినేవాళ్ళు ఏ సీసాలనుకుంటారో ఏమో!”

ఒక సోమవారం పొద్దున వెళ్ళేసరికి ల్యాబు తలుపుకి కొత్త తాళం వేలాడుతోంది. యజమాని ఎవరికో అమ్మేశాడట. కొన్నవాళ్ళకి యంత్రాలు కావాలి గానీ మనుషులు అక్కర్లేదట. నలభయ్యో ఏట సీసాలమ్మ రోడ్డున పడింది.

నెలరోజులు ఇంట్లో కూర్చుంది. కూర్చుందంటే కుదురుగా కూర్చోలేదు. వంటింట్లో డబ్బాలన్నిటికీ చీటీలంటించి పేరూ తేదీ రాసింది. “ఉప్పుకి తేదీ ఏమిటే? సముద్రంలో ఎన్నాళ్ళుందో దానికే తెలీదు,” అని అత్తగారు మొత్తుకుంది.

ఉద్యోగం ఇప్పించమని పదిమంది గుమ్మాలెక్కడం కన్నా సొంతంగా ఏదో ఒకటి మొదలుపెడదామని అప్పుడే అనుకుంది. ఎవరైనా ఫ్యాక్టరీ పెట్టాలన్నా, పాత గోడౌను కొనాలన్నా అక్కడి నేలా నీళ్ళూ ఎలా ఉన్నాయో పరీక్షించి చెప్పే మనిషి కావాలి. ఆ పనికి పర్యావరణ సలహాదారు అని పెద్ద పేరుంది. ఆవిడ భర్త అచ్చాపీసులో ప్రూఫులు దిద్దుతాడు. వారం తిరక్కుండా రెండువందల కార్డులు అచ్చు వేయించి తెచ్చాడు. అత్తగారు కళ్ళజోడు సవరించుకుని కార్డు దూరంగా పెట్టి చదివింది.

“సలహాలిస్తే డబ్బులిస్తారా? అయితే నేనీపాటికి మేడలు కట్టుండాల్సింది.”

ఈ వృత్తిలో ఉన్నవాళ్ళకో సంఘం ఉంది. ఏడాదికి రెండుసార్లు ఏదో ఒక హోటలు హాల్లో కలుస్తారు. ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని, సంచీ నిండా కార్డులు పెట్టుకుని సీసాలమ్మ వెళ్ళింది. అక్కడ అందరికీ అందరూ తెలుసు. భుజాలు తట్టుకోవడాలు, “మొన్నటి పని ఏమైంది?” అనుకోవడాలు, గుంపులు గుంపులుగా నవ్వులు. గుంపు పక్కన నిలబడి వాళ్ళు నవ్వినప్పుడల్లా తనూ నవ్వింది. ఎందుకు నవ్వుతున్నారో మాత్రం ఒక్కసారీ తెలీలేదు. పదకొండు మందికి కార్డులిచ్చింది. ఒకాయన కార్డు తీసుకుని, చాలా మర్యాదగా “థాంక్యూ” అని, దాన్ని నాలుగు మడతలు పెట్టి ఊగుతున్న టేబులు కాలి కిందికి తోశాడు.

ఇంక చాలనుకుని బిస్కట్లు పెట్టిన ప్లేటు పట్టుకుని గోడ దగ్గరికి జరిగింది. అక్కడ అప్పటికే ఒకాయన నిలబడి ఉన్నాడు. అరవై దాటిన మనిషి. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు గానీ గోళ్ళలో మట్టి పోలేదు.

“మీరూ కన్సల్టెంటేనా?” అనడిగాడు.

“అవునండీ. కొత్తగా. మీరు?”

“నేను నేలకి చిల్లులు పెడతానమ్మా. బోర్లు వేస్తాను. ఆ చిల్లుల్లోంచి చూసి వీళ్ళు రిపోర్టులు రాస్తారు.” నోట్లో బిస్కట్టు వేసుకుని హాలంతా ఒకసారి కలియచూశాడు. “ఇక్కడ కార్డు చూసి ఎవరూ పనివ్వరు. ఎవరికి పని ఎక్కడ ఆగిపోయిందో కనుక్కుని అక్కడికెళ్ళి నిలబడాలి. అదిగో, ఆ నీలం కోటు మేనేజరున్నాడే, వాళ్ళది పెద్ద కంపెనీ. పరీక్షకి నీళ్ళు తీసే మనిషి మానేసి మూడు వారాలైంది. నేను వేసిన బోర్లు నోళ్ళు తెరుచుకుని కూర్చున్నాయి. రేపు పొద్దున్న తొమ్మిదింటికి వెళ్ళండి. తొమ్మిదిన్నరకైతే మీటింగుల్లో పడిపోతాడు.”

మర్నాడు తొమ్మిదికి ఐదు నిమిషాల ముందే ఆ ఆఫీసు మెట్ల మీదుంది సీసాలమ్మ. మేనేజరు మాటకి ముందు గడియారం చూసుకునే మనిషి. “నీళ్ళు తీయడం వచ్చా?” అన్నాడు. “పద్నాలుగేళ్ళు వేరేవాళ్ళు తప్పుగా తీసిన నీళ్ళు పరీక్ష చేశానండీ. ఎలా తీయకూడదో బాగా తెలుసు,” అంది. ఆయనకి నవ్వొచ్చింది. మూడు బావుల పని చేతిలో పెట్టాడు.

అలా మొదలైంది. మూడు పది అయ్యాయి. బోర్ల పెద్దాయన పంపూ, జనరేటరూ బండిలో వేసుకుని వచ్చేవాడు. ఆవిడ సీసాలూ, వాటిని చల్లగా ఉంచే ఐసుపెట్టే మోసుకొచ్చేది. ఆవిడకి అంకెలు తెలుసు గానీ నేల తెలీదు. బోరులోంచి వచ్చిన బురదని అరచేతిలో నలిపి, “ఇది జిగురు. నీళ్ళు ఇందులోంచి పోవాలంటే తరాలు పడుతుంది. ఇది ఇసక, రేపటికే పోతుంది,” అని ఆయన నేర్పాడు. ఏడాది తిరిగేసరికి ఆయన ఆవిడకి బాబాయ్ అయ్యాడు.

సీసాలమ్మకి మాటకారితనం ఎప్పటికీ రాలేదు. కానీ ఒక అలవాటు చేసుకుంది. రిపోర్టిచ్చిన మూడు నెలలకి ఫోన్ చేసి, “మీ బావి ఇప్పుడెలా ఉందండీ?” అనడిగేది. మొదట్లో జనం హడలిపోయేవాళ్ళు, మళ్ళీ ఏం కొంప మునిగిందోనని. పోనుపోను వాళ్ళే ఆ ఫోన్ కోసం చూడ్డం మొదలుపెట్టారు. ఒకావిడైతే బావి సంగతి రెండు ముక్కల్లో చెప్పి కొడుకు పెళ్ళి సంబంధం సంగతి అరగంట చెప్పింది. ఆ కొడుకు మామగారికో రంగుల ఫ్యాక్టరీ ఉంది. ఆ ఫ్యాక్టరీ పని సీసాలమ్మకొచ్చింది. ఇలా తీగ లాగితే డొంకంతా కదిలినట్టు ఒకరి వెనక ఒకరు రెండేళ్ళలో నలభై మంది పోగయ్యారు.

అప్పుడొచ్చింది బస్సు డిపో పని.

డిపోలో ఇంధనం దాచే ట్యాంకులు నేల కింద ఉంటాయి. అవి కారుతున్నాయేమో చూడమని వాళ్ళ పైఆఫీసు ఆ పెద్ద కంపెనీని అడిగింది, మేనేజరు సీసాలమ్మని పంపాడు. డిపో ఆవరణలో మూడు బోరుబావులు, గోడకవతల మొక్కల నర్సరీలో నాలుగోది. ఒక్కరోజులో నాలుగింట్లోనూ నీళ్ళు తీసి ల్యాబుకిచ్చింది. మొదటి మూడూ శుభ్రం. నర్సరీలోని నాలుగో బావిలో పెట్రోలు ఆనవాళ్ళు.

దాంతో ఒకదాని వెనక ఒకటి జరిగిపోయాయి. నర్సరీ బావికి తాళం పడింది. బస్సులన్నీ డీజిలువే గానీ, ఒకప్పుడు ఆఫీసు కార్ల కోసం పాతిన చిన్న పెట్రోలు ట్యాంకు ఒకటుంది. “దాన్ని రెండేళ్ళ కిందటే ఖాళీ చేయించి కడిగించాను,” అని డిపో ఇంజనీరు చెప్పాడు. కాయితాలేవని అడిగితే ఆయన రాసి పెట్టింది దొరికింది, కడిగినవాళ్ళ రసీదు దొరకలేదు. కడగకుండానే కడిగానని రాశాడన్నారు. ఏడాదిన్నరలో రిటైరవ్వాల్సిన మనిషిని కుర్చీలోంచి లేపి, విచారణ తేలేదాకా స్టోర్ రూములో కూర్చోమన్నారు. ట్యాంకు ఉన్నచోట నేలంతా తవ్వించడానికి రోజు కూడా ఖాయమైంది.

సీసాలమ్మకి మాత్రం దశ తిరిగింది. కంటికి కనబడని దాన్ని పట్టుకుందని మేనేజరు నలుగురిలో మెచ్చుకున్నాడు. అంతవరకూ పలకరించని వాళ్ళు ఫోన్లు చేశారు. సంఘం కార్యదర్శి అయితే వచ్చే సమావేశంలో దీని మీద ఇరవై నిమిషాలు మాట్లాడాలని పట్టుబట్టాడు. టేబులు కాలి కింద కార్డు పెట్టినాయన ఆవిడ నంబరు కనుక్కుని మరీ అభినందించాడు.

తవ్వకం సోమవారం. అంతకు ముందు గురువారం పొద్దున, కూతుర్ని బడికి పంపి, ఉపన్యాసం రాసుకుందామని భోజనాల బల్ల దగ్గర కూర్చుంది. ఏ గంటకి ఏం చేసిందో వరసగా చెబితే బాగుంటుందనిపించి పని పుస్తకం తెరిచింది. బయట పనికెళ్తే ప్రతిదీ టైముతో సహా రాసుకోవడం ఆవిడకి ల్యాబు నేర్పిన అలవాటు.

‘11.20. రెండో బావి. గ్లౌజులు మార్చాను. బ్లాంక్ సీసా జారి పగిలింది.’

బ్లాంక్ అంటే ల్యాబు నించి స్వచ్ఛమైన నీళ్ళు నింపుకుని వెళ్ళి, బావి దగ్గర మూత తీసి పెట్టి, మిగతా సీసాలతో పాటు తిరిగి తెచ్చే సీసా. అందులో కూడా ఏమైనా కనబడిందంటే తప్పు బావిది కాదు, తీసినవాళ్ళది. ఆ రోజు అది పగిలింది. ఒక్కరోజుకేమవుతుందిలే అనుకున్న సంగతి గుర్తొచ్చింది.

‘12.05. మూడో బావి. గ్లౌజులు మార్చాను.’

‘12.40. జనరేటర్ ఆగింది. బాబాయ్ టీకి వెళ్ళాడు. పెట్రోలు నేనే పోశాను.’

‘12.55. నాలుగో బావి. సీసాలు నింపాను.’

అంతే ఉంది. నాలుగో బావి పక్కన ‘గ్లౌజులు మార్చాను’ అని లేదు.

మళ్ళీ చదివింది. ముందు పేజీలు తిరగేసింది, పాత పనులన్నీ చూసింది. ప్రతి బావికీ ఆ మాటుంది. ఇక్కడొక్కచోటే లేదు. పెట్రోలు డబ్బా మూత బిగుసుకుపోయి రెండు చేతులా తిప్పడం, వేళ్ళ మీద చల్లగా తగలడం ఇప్పుడు కళ్ళకి కట్టింది. అలాంటి పరీక్షకి చుక్కలో వందో వంతు చాలు. అది ఆవిడకన్నా తెలిసినవాళ్ళు లేరు.

కిటికీ దగ్గర కూర్చుని మనవరాలి గౌను అంచు విప్పుతున్న అత్తగారు తలెత్తింది. “ఏమైందే? దయ్యాన్ని చూసినట్టున్నావ్?”

సీసాలమ్మ అంతా చెప్పింది. అత్తగారు సూది గౌనుకి గుచ్చి పక్కన పెట్టింది.

“ఇంకెవరికైనా తెలుసా?”

“లేదు.”

“అయితే ఇంకేం? పుస్తకం మూసెయ్. నీ నోట్లో నువ్వుగింజ నానదు గానీ, ఈ ఒక్కసారి నాననీ.”

“అక్కడ ఒక మనిషిని తీసికెళ్ళి మూల కూర్చోబెట్టారు అత్తయ్యా. ఆయన తప్పు లేదేమో.”

“లేదేమో, ఉందేమో. నీకూ తెలీదుగా! కోరి కొరివితో తల గోక్కోవడం దేనికి?”

అత్తగారు ముప్ఫై ఏళ్ళు ఊరందరికీ బట్టలు కుట్టి కొడుకుని పెంచిన మనిషి. సీసాలమ్మ ఆవిడ చేతుల వంక చూసింది. “మీరెప్పుడూ తప్పుగా కుట్టలేదా?”

“ఎందుకు కుట్టలేదు?”

“అప్పుడేం చేసేవారు?”

అత్తగారు గౌను మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. “విప్పి మళ్ళీ కుట్టేదాన్ని,” అని గొణిగింది. “అయినా అది బట్ట. ఇది నీ బతుకుతెరువు.”

మధ్యాహ్నానికి సీసాలమ్మ మేనేజరు గదిలో ఉంది. ఆయన పుస్తకంలో ఆ పేజీ చదివి, మూసి, దాని మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.

“అయ్యుండొచ్చు అంటున్నారు. అయిందని కాదు కదా మేడమ్?”

“మళ్ళీ తీసి చూస్తే తెలిసిపోతుంది సార్.”

“మళ్ళీ తీయడమంటేనే మన రిపోర్టు మీద మనకి నమ్మకం లేదని ఒప్పుకోవడం. వాళ్ళ దగ్గర మన పనులు ఇంకా నాలుగున్నాయి.” గడియారం చూసుకున్నాడు, కానీ లేవలేదు. “తవ్వనివ్వండి. ఏమీ లేకపోతే లేదని వాళ్ళకే తెలుస్తుంది.”

“అప్పటిదాకా ఆ ఇంజనీరు సార్?”

ఆయన కిటికీలోంచి బయట హాల్లోకి చూశాడు. బల్లల ముందు వరసగా మనుషులు పనిచేసుకుంటున్నారు. “నా కింద నలభై మందున్నారు. మీలా ఒక్కణ్ణే అయితే నేనూ ఇలాగే మాట్లాడేవాణ్ణేమో. మీరు ఉత్తరం రాసుకోండి, నేనాపలేను. మా కంపెనీ కాయితం మీద మాత్రం కాదు. ఆ తరవాత మీకూ మాకూ పని ఉండదు. కోపంతో చెప్పడం లేదు.”

ఆయన కోపంగా లేడన్నది నిజమే. అదే ఆవిడకి ఎక్కువ కష్టంగా తోచింది.

డిపో పైఆఫీసుకి ఆవిడ రాసిన ఉత్తరం సాయంత్రం భర్త చదివాడు. ప్రూఫులు దిద్దే అలవాటుకొద్దీ చేతిలోకి పెన్ను వచ్చేసింది. “ఒక్క పేజీలో ‘నా పొరపాటు’ అని మూడుసార్లు రాశావు. ఒక్కసారి చాలు. మిగతా చోట్ల ఏం జరిగిందో రాయి,” అన్నాడు. రెండు కొట్టేసి, తనే తీసికెళ్ళి డిపో పైఆఫీసులో ఇచ్చి వచ్చాడు. తవ్వకం వారంపాటు ఆపుతామని అక్కడివాళ్ళు అన్నారు. ఆ వారంలోపు తేలాలి.

శుక్రవారం పొద్దున నర్సరీకి బయల్దేరుతుంటే అత్తగారు చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది.

“మీరెక్కడికి?”

“నాకో గులాబీ మొక్క కావాలి.”

“పెట్టడానికి చోటెక్కడుంది అత్తయ్యా?”

“అది తరవాత చూద్దాంలే, నడు.”

నర్సరీ నడిపేది యాభై ఏళ్ళావిడ, మొక్కల మధ్య పుట్టి పెరిగినట్టుండే మనిషి. డ్రమ్ములోంచి చెంబుతో నీళ్ళు ముంచి కుండీలకి పోస్తోంది. సీసాలమ్మ నిలబడి చెప్పిందంతా విని చెంబు డ్రమ్ములో పడేసింది.

“ఆరు వారాలు! ఆరు వారాలు టాంకరు నీళ్ళు మోశాను. ఆ నీళ్ళు పడక ఒక వరసంతా మాడిపోయింది, వెళ్ళి చూడు. నా మొక్కలకేం పేరు పెట్టారో తెలుసా? పెట్రోలు మొక్కలట! అగ్గిపుల్ల గీస్తే అంటుకుంటాయా అని నా మొహం మీదే నవ్వారు. ఇప్పుడొచ్చి పొరపాటు అంటే పోయినవి లేస్తాయా?”

“లేవవక్కా.”

“మరెందుకొచ్చావ్?”

“మీ బావి నీళ్ళు మళ్ళీ తీయాలి. దానికి మీరు ఒప్పుకోవాలి. ఒప్పుకునే ముందు మీకు నిజం తెలియాలి.”

అత్తగారు ముందుకొచ్చింది. “అమ్మా, మా కోడలు...”

“మీరెవరండీ మధ్యలో?”

“దీని అత్తగార్ని. దీన్ని తిట్టడంలో ముందు వరస నాది. నిన్నట్నించీ తిడుతూనే ఉన్నాను, ఇంకా కొంచెం మిగిలింది. మీరు కూడా తిట్టండి, కాదనను. ముందు ఆ నీళ్ళు తీసుకోనివ్వండి.”

మొక్కలావిడ పెదవి ఒకపక్కకి కదిలింది, కానీ నవ్వలేదు. తాళంచెవి తీసి బల్ల మీద పడేసింది. “తీసుకుని పొండి.”

ఈసారి బాబాయ్ జనరేటరుని గేటు బయటే దింపి పొడవాటి వైరు లాగాడు. పెట్రోలు ఆయనే పోశాడు, పోసి బావి దాపులకి రాలేదు. దూరం నించే “చేతులు చూపించమ్మాయ్!” అని అరిచాడు. సీసాలమ్మ కొత్త గ్లౌజులు వేసుకున్న రెండు చేతులూ పైకెత్తి చూపించింది. పదిహేను నిమిషాలు నీళ్ళు పారబోసి, అప్పుడు సీసాలు నింపింది. బ్లాంకులు రెండు తీసుకుంది. తరవాత గేటు బయటికొచ్చి పాత గ్లౌజులతో పెట్రోలు డబ్బా మూత తిప్పి, అవే చేతులతో స్వచ్ఛమైన నీళ్ళ సీసా ఒకటి తెరిచి మూసింది. మొదటి ఫలితంతో పోల్చి చూడ్డానికని ఆ సీసా వేరే పెట్టెలో పెట్టించింది.

“నీతో పాటు నా పేరు కూడా రాయి,” అన్నాడు బాబాయ్. “పెట్రోలు పోయాల్సింది నేను. టీకి పోయాను.”

“సీసాలు నింపింది నేను బాబాయ్.”

“అది సరేలే. టీకి పోయింది నేనేగా.”

ఆవిడ రాసుకుంది.

అక్కణ్ణించి డిపో స్టోర్ రూముకి వెళ్ళింది, ఒక్కర్తే. పాత టైర్ల వరసల మధ్య చిన్న బల్ల వేసుకుని ఇంజనీరు కూర్చుని ఉన్నాడు. చేసే పనేమీ లేక బోల్టులు సైజుల వారీగా వేరు చేస్తున్నాడు. ఆవిడ నిలబడే చెప్పింది. ఆయన చేతిలో బోల్టు అలాగే పట్టుకుని విన్నాడు.

“ఫలితం ఇంకా రాలేదా?”

“మంగళవారం వస్తుందండీ. నా అనుమానం తప్పే కావచ్చు. అప్పుడు అది కూడా వచ్చి చెబుతాను.”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తుడిచి మళ్ళీ పెట్టుకోలేదు.

“ఒకటి చెప్పనా అమ్మా? ఆ ట్యాంకు కడిగించింది నాకు బాగా గుర్తు. దగ్గరుండి చేయించాను. కానీ అందరూ లేదు, లేదు అంటుంటే ఈమధ్య నాకే అనుమానం పట్టుకుంది. నిజంగా కడిగించానా, కడిగించాలనుకున్నానా అని. మా ఆవిణ్ణి కూడా అడిగాను, ఆ రోజు ఇంటికొచ్చి నీకేమైనా చెప్పానా అని.” బోల్టు బల్ల మీద పెట్టాడు. “ముప్ఫై రెండేళ్ళు చేశానమ్మా. నా మీద నాకే నమ్మకం పోయింది.”

సీసాలమ్మ ఆయన పక్కనున్న ఖాళీ స్టూలు మీద కూర్చుంది. ఆయన బోల్టుల డబ్బా ఆవిడ వైపు కొంచెం జరిపాడు. ఇద్దరూ కలిసి చాలాసేపు బోల్టులు వేరు చేశారు.

మంగళవారం ఫలితాలొచ్చాయి. నాలుగో బావి కడిగిన ముత్యంలా ఉంది. బ్లాంకులు రెండూ శుభ్రం. పెట్రోలు చేతులతో తెరిచిన సీసాలో మాత్రం అచ్చం మొదటి రిపోర్టులో ఉన్నవే ఉన్నాయి. ఇంక అనుమానానికి తావు లేదు, తప్పు ఆవిడదే. కాయితం పట్టుకుని ఏడ్చింది. అది సిగ్గో, బరువు దిగడమో ఆవిడకే తేలలేదు.

తవ్వకం రద్దయింది. ఇంజనీరు తన కుర్చీలోకి తిరిగి వెళ్ళాడు. నర్సరీ బావి తాళం తీశారు. మొక్కలావిడ ఫోన్లో “సరే” అని పెట్టేసింది.

సంఘం కార్యదర్శి నించి కూడా ఫోన్ వచ్చింది. “ఈసారి కార్యక్రమం చాలా టైట్‌గా ఉందండీ. మీ ఉపన్యాసం మరోసారి పెట్టుకుందాం,” అన్నాడు. మరోసారి అంటే ఎప్పుడని ఆవిడ అడగలేదు. పెద్ద కంపెనీ పని ఆగింది. దాన్ని చూసి ఇంకో ఇద్దరు ఆపారు. మొన్నటిదాకా మోగిన ఫోన్ మూగబోయింది.

వారం ఆగి బాబాయ్ వచ్చాడు. “హాలు లేకపోతే నా షెడ్డు లేదా? జరిగింది జరిగినట్టు చెప్పు. వినాల్సిన వాళ్ళని నేను పిలుస్తాను.”

శనివారం ఉదయం ఆయన షెడ్డులో ఇనప పైపుల దొంతర మీద పదముగ్గురు కూర్చున్నారు. బోర్లు వేసేవాళ్ళు నలుగురు, సీసాలు చేరవేసే వ్యాను డ్రైవర్లు, ఆవిడతో పాటు రోడ్డున పడ్డ పాత ల్యాబు అమ్మాయిలిద్దరు, తనలాంటి ఒంటరి సలహాదారులు కొందరు. ఎవరూ పిలవకుండానే డిపో ఇంజనీరు కూడా వచ్చి వెనకాల కూర్చున్నాడు. ఆవిడ మంచినీళ్ళు తాగి పని పుస్తకం తెరిచి 11.20 నించి చదివింది.

చెప్పడం అయ్యాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒక వ్యాను డ్రైవరు తల గోక్కుంటూ, “నేను పెట్రోలు డబ్బా ఐసుపెట్టె పక్కనే పెడతానండీ. అది కూడా తప్పేనా?” అన్నాడు. “తప్పే,” అన్నారు ముగ్గురు ఒక్కసారే. ల్యాబు అమ్మాయి ఒకర్తి ఎప్పుడో తను తారుమారు చేసిన రెండు సీసాల సంగతి చెప్పింది, ఎవరికీ చెప్పలేదట ఇన్నేళ్ళూ. మాటలు మధ్యాహ్నం దాకా సాగాయి. లేచేటప్పుడు ఎవరో “మళ్ళీ ఎప్పుడు?” అన్నారు. అప్పట్నించీ నెలకో శనివారం ఆ షెడ్డులో కలవడం రివాజైంది.

కలిస్తే కడుపు నిండదు కదా. ఆ ఏడాది సీసాలమ్మకి గడ్డుగానే గడిచింది. పొద్దుటిపూట ఒక చిన్న ల్యాబులో పనికి కుదిరింది, చేతికి వచ్చిన ఒకటీ అరా బావులు మిగతా పూట చూసుకుంది. ఏ శనివారమూ షెడ్డు మాత్రం మానలేదు. మూడు నెలల ఫోన్లూ మానలేదు. నర్సరీకి కూడా చేసింది. “మీ బావి ఇప్పుడెలా ఉందక్కా?” అంటే, “బానే ఉంది,” అంది మొక్కలావిడ పొడిగా. “మీ అత్తగారి గులాబీ బతికిందా?”

“బతికిందక్కా. చోటు లేక వంటింటి కిటికీలో పెట్టింది.”

“కిటికీలోనా! ఎండ చాలదు. మేడ మీద పెట్టమను,” అని కసిరి పెట్టేసింది.

తప్పు బయటపడ్డ ఎనిమిదో నెలలో ఒక పొద్దున తెలీని నంబరు నించి ఫోన్ వచ్చింది. ఎవరో ఆడమనిషి, గొంతులో అధికారం ఉంది.

“నేనొక బడి నడుపుతానండీ. మా తోటకి మొక్కలిచ్చే నర్సరీ ఆవిడ మీ నంబరిచ్చింది. మీరేనా ఆ తప్పు చేసినావిడ?”

“అవునండీ, నేనే.”

“నీళ్ళు పరీక్షించేవాళ్ళని ముగ్గుర్ని అడిగాను, ముగ్గురూ మావల్ల ఎప్పుడూ తప్పు జరగలేదన్నారు. నర్సరీ ఆవిడేమందో తెలుసా? ‘ఆవిడ నా మొక్కలు ఒక వరసంతా చంపింది. అయినా ఆవిడనే పిలవండి. తేడా వస్తే వచ్చి తనే చెబుతుంది, మీరు వెతుక్కోనక్కర్లేదు’ అంది.” అవతల కాయితాలు తిప్పిన చప్పుడు. “మా దగ్గర రెండు బావులున్నాయి. మూడువందల మంది పిల్లలు తాగుతారు. ఎప్పుడు రాగలరు?”

“బుధవారం పొద్దున్నండీ.”

ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్ళి అత్తగారికి మాట మాటా పొల్లుపోకుండా చెప్పింది. అత్తగారు పొయ్యి మీద పాలు చూసుకుంటూ విన్నది.

“వరసంతా చంపిందన్నదా? ఎంత మాటంది!” అని మూతి ముడిచింది. ఆ వెంటనే, “బుధవారం నేనూ వస్తాను. నర్సరీ మీదుగా పోదాం. ఆ మాటకి నేనే జవాబు చెప్పాలి,” అంది.